వీపు మీది నంబర్లు

లియో కోవార్ ఫుట్‌బాల్ జట్టులో చేరడానికి వచ్చినప్పుడు ఒక షరతు పెట్టాడు.

"ఆడమంటే ఆడతాను ఫాదర్. దెబ్బలు తగిలినా నోరెత్తను. కానీ ఎవరితోనూ కలిసి గదిలో ఉండను. ఎవరి పేర్లూ నాకు చెప్పొద్దు. వీపు మీద నంబర్లుంటాయిగా, వాటితోనే పిలుచుకుంటాను."

ఇలాంటి మాట విన్న ఏ కోచ్ అయినా గుమ్మం చూపిస్తాడు. ఫాదర్ ప్రోకోప్ మాత్రం మైదానంలో గీతలు గీయడానికి బకెట్లో సున్నం కలుపుతూ, "సరే" అన్నాడు. ఎందుకని కూడా అడగలేదు.

అది 1946 ఆగస్టు. యుద్ధం ముగిసి ఏడాదైంది. అమెరికా నడిమధ్యన నెబ్రాస్కా అనే బయలు సీమలో, ఎటు చూసినా మొక్కజొన్న తప్ప మరోటి కనబడని చోట, చెక్ దేశం నుంచి వచ్చిన సన్యాసులు కట్టుకున్న మఠం ఒకటుండేది. దానికి ఆనుకుని వాళ్ళదే చిన్న కాలేజీ, సెయింట్ లూడ్మిలా. యుద్ధానికి వెళ్ళొచ్చినవాళ్ళకి సర్కారు చదువు చెప్పిస్తుంటే, ఇరవై నాలుగేళ్ళ లియో కూడా పుస్తకాలు పట్టుకుని అక్కడికి వచ్చాడు. క్లాసులో అతని పక్కన కూర్చునేవాళ్ళకి ఇంకా మీసాలు కూడా సరిగా రాలేదు.

పేర్ల దగ్గర అతనికి అంత భయం ఎందుకంటే, బెల్జియం అడవుల్లో ఒక చలికాలమంతా అతను పదిమంది సైనికులకి సార్జెంటుగా ఉన్నాడు. చచ్చిపోయినవాళ్ళ చోటు నింపడానికి లారీల్లో కొత్తవాళ్ళు వచ్చేవాళ్ళు. మొదట్లో లియో ఒక్కొక్కర్నీ పేరడిగేవాడు, ఊరడిగేవాడు, ఇంట్లో ఎవరెవరున్నారో అడిగేవాడు. వారం తిరక్కుండానే ఆ పేర్లన్నీ కాగితం మీద రాసి పైకి పంపాల్సి వచ్చేది. కొన్నాళ్ళకి అడగడం మానేశాడు. "నువ్వు ఎడమకి, నువ్వు నా వెనక" అనేవాడు, అంతే. ఆ అలవాటు యుద్ధంతో పోలేదు, అతనితోపాటు ఓడెక్కి ఇంటికొచ్చింది.

ఆ ఆట సంగతి కూడా కాస్త చెప్పాలి. అక్కడివాళ్ళు ఫుట్‌బాల్ అనేది మన ఫుట్‌బాల్ కాదు. పేరు అదేగానీ ఆటలో కాలితో తన్నే పని తక్కువ. కోడిగుడ్డు ఆకారపు తోలు బంతిని చంకలో ఇరికించుకుని ఒకడు పరుగెత్తుతాడు. ఎదుటి జట్టు పదకొండుమందీ వాణ్ణి పడగొట్టాలని చూస్తారు. వాడి జట్టులో మిగతా పదిమందీ వాళ్ళని అడ్డుకోవాలి. అడ్డుకోవడమంటే చెయ్యి చాపి ఆపడం కాదు, ఒళ్ళు విసిరి వాళ్ళని పడగొట్టడం, తామూ పడటం. పరుగెత్తినవాడికి చప్పట్లు, పడ్డవాళ్ళకి మట్టి. లియో పరుగెత్తేవాడు.

ఇక ఫాదర్ ప్రోకోప్. ఆయనకి అరవై రెండేళ్ళు. అసలు కోచ్ యుద్ధానికి వెళ్ళి తిరిగి రాకపోతే, మఠాధిపతి ఈయనని పిలిచి, "ఇకనుంచి నువ్వు చూసుకో" అన్నాడు. అప్పటిదాకా ఈయన లాటిన్ చెప్పుకుంటూ, తేనెటీగలు పెంచుకుంటూ హాయిగా ఉన్నాడు. ఫాదర్‌కి తెలిసిన ఆటంతా ఒక పోస్టుకార్డు మీద పట్టేస్తుందని జట్టులో కుర్రాళ్ళు చాటుగా నవ్వుకునేవాళ్ళు. అందులో అబద్ధమేమీ లేదు. ఈల ఇస్తే పోగొట్టుకున్నాడు. అరవడం ఆయనకి చేతకాదు. ఎవడైనా తప్పు చేస్తే దగ్గరికి వెళ్ళి ఊరికే నిలబడేవాడు. కాసేపు ఆయన అలా నిలబడితే తప్పేమిటో వాడికే తెలిసిపోయేది.

లియో అడిగినట్టే జరిగింది. బాయిలరు గది మీద ఒంటరిగా ఒక గది ఇచ్చారు. గోడలు వెచ్చగా ఉండేవి, మాటలు వినబడేవి కావు. ప్రాక్టీసులో, "నలభై మూడు, కుడికి. అరవై ఒకటి, ఎడమకి" అని పిలిచేవాడు. కుర్రాళ్ళు కూడా అతన్ని పేరుపెట్టి పిలవడానికి జంకి, "సార్జెంట్" అనేవాళ్ళు. ఆ కాలేజీలో లియో అనే మాట ఫాదర్ నోట తప్ప ఇంకెక్కడా వినబడేది కాదు. అదీ రోజుకి ఒకసారో, రెండుసార్లో.

మొదటి నాలుగు మ్యాచ్‌లలో మూడు గెలిచారు. ఊళ్ళో మంగలి షాపు నుంచి చర్చి మెట్ల దాకా సార్జెంట్ మాటే. అతను మాత్రం ఆట అవగానే స్నానం చేసి, బస్సులో మొదటి సీట్లో ఒక్కడే కూర్చుని, కిటికీకి తల ఆనించేవాడు. వెనక పాతికమంది పాడుతూ, పోట్లాడుకుంటూ, తింటూ ఉండేవాళ్ళు. లియోకి ఆ గోల చెవిన పడేది. ఒక్కోసారి వెనక్కి తిరిగి చూడాలనిపించేది. తిరగకుండా ఉండడానికి మెడ బిగపట్టుకునేవాడు.

బయటి ఊళ్ళకి ఆడబోయినప్పుడల్లా ఆ మొదటి సీటు మీద ఒక ఆపిల్ పండు ఉండేది. చిన్నది, కాస్త వంకరగా, చెట్టు నుంచి అప్పుడే కోసినట్టుండేది. కొన్నది కాదని చూస్తేనే తెలుస్తుంది. లియో దాన్ని చొక్కాకి తుడుచుకుని తినేవాడు. ఎవరు పెట్టారని అడగలేదు.

నాలుగో మ్యాచ్‌కి ముందు వారం మఠంలో బ్రదర్ లాంబర్ట్ అనే ముసలాయన నిద్రలోనే పోయాడు. జట్టు జెర్సీలు ఉతకడం, చిరిగితే కుట్టడం ఆయన పని. అప్పటినుంచి ఆ పని కూడా ఫాదర్ ప్రోకోప్ నెత్తిన పడింది. లియో ఆ సంగతి విన్నాడు, విని వదిలేశాడు.

ఐదో మ్యాచ్ బయటి ఊళ్ళో. ఆ గురువారం ప్రాక్టీసు లేదన్నారు. ఎందుకు లేదని లియో అడగలేదు. ఖాళీ మైదానంలో ఒక్కడే బంతిని విసురుకుంటూ, తెచ్చుకుంటూ చీకటి పడేదాకా గడిపాడు. శనివారం బస్సెక్కితే సీటు మీద ఆపిల్ లేదు. దారిలో ఆకలేసింది. అప్పుడు ఆపిల్ గుర్తొచ్చింది.

ఆట చివరిదాకా సమంగా సాగింది. ఇంకో ఐదు నిమిషాలుందనగా లియో తన జట్టుని గుండ్రంగా నిలబెట్టి, "అరవై ఒకటి, ఎడమకి. నేను నీ వెనకే" అన్నాడు. ఆ ఎత్తు నాలుగు మ్యాచ్‌లలో ఒక్కసారీ తప్పలేదు. బంతి కదలగానే అరవై ఒకటో నంబరువాడు తన చోటు వదిలి ఎడమకి పరుగెత్తి, ముందు వచ్చినవాణ్ణి పడగొట్టి తానూ పడతాడు. అతని మీదుగా లియో దూసుకుపోతాడు.

బంతి కదిలింది. లియో ఎడమకి పరుగెత్తాడు. అక్కడ తనవాడు ఎవడూ లేడు. ఎదుటివాళ్ళు ముగ్గురున్నారు. ముగ్గురూ కలిసి అతన్ని నేలకేసి కొట్టారు. బంతి జారిపోయింది. దాన్ని అందుకున్నవాడు ఈ చివరినుంచి ఆ చివరిదాకా తీరిగ్గా పరుగెత్తాడు. మ్యాచ్ పోయింది.

బట్టలు మార్చుకునే గదిలో లియో అరవై ఒకటో నంబరు జెర్సీని భుజం దగ్గర పట్టుకుని ఇటు తిప్పాడు.

"ఏమైందిరా నీకు? నాలుగు మ్యాచ్‌లు బంగారంలా చేశావు. ఇవాళ కాళ్ళు పడిపోయాయా?"

ఆ కుర్రాడు నోరు వెళ్ళబెట్టాడు. జుట్టు ఎర్రగా ఉంది. ముఖం నిండా గోధుమరంగు మచ్చలు.

"సార్జెంట్, నేను ఇవాళే మొదటిసారి ఆడాను. ఎడమకి అంటే ఎక్కడికో నాకు తెలియలేదు" అన్నాడు.

బూట్లు విప్పుకుంటున్నవాళ్ళు విప్పుకోవడం ఆపేశారు. ఆ రోజుల్లో తలకి తోలు టోపీ ఒక్కటే, ముఖానికి అడ్డం ఏమీ ఉండేది కాదు. తలెత్తి చూస్తే తెలిసేదే. మూడు గంటల సేపు చేతికందే దూరంలో నిలబడి మనిషి మారాడని లియో చూసుకోలేదు. అతనికి తల కొట్టేసినట్టయింది. బస్సులో మొదటి సీట్లో కూర్చున్నాడుగానీ ఈసారి వెనక పాటలు లేవు.

మిగిలిన మూడు మ్యాచ్‌ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తే ఒక పనైపోతుంది. రెండు ఓడిపోయారు, ఒకటి సమానంగా ముగిసింది. గెలుపు కోసం చదువుతున్నవాళ్ళు ఇక లేవచ్చు.

ఆదివారం పూజ అయ్యాక లియో ఫాదర్ ప్రోకోప్ దగ్గరికి వెళ్ళాడు.

"నేను వెళ్ళిపోతాను ఫాదర్. జట్టులోంచీ, కాలేజీలోంచీ. మనుషుల మధ్య ఉండడానికి నేను పనికిరాను. అది మీకూ తెలిసే ఉంటుంది."

ఫాదర్ కాసేపు ఏమీ అనకుండా నిలబడ్డాడు. మైదానంలో నిలబడినట్టే.

"రేపు ఉదయం ఉతుకుల గదికి రా" అన్నాడు. "చిన్న పనుంది. అది చేసిపెట్టి వెళ్ళు."

సోమవారం లియో వెళ్ళేసరికి బల్ల మీద పాతిక జెర్సీలు ఉతికి ఆరేసి మడతపెట్టి ఉన్నాయి. అన్నీ నీలం రంగువే. ఒక్కదాని వీపు మీదా నంబరు లేదు. నంబరు ఉండాల్సిన చోట గుడ్డ కాస్త ముదురుగా ఉంది, చుట్టూ సూది కన్నాలున్నాయి. పక్కనే బుట్టలో తెల్లగుడ్డతో కత్తిరించిన అంకెలు కుప్పగా పోసి ఉన్నాయి.

"ఎవరు విప్పారు ఇవన్నీ?"

"నేనే" అన్నాడు ఫాదర్. "ఎవరిది వాళ్ళకి కుట్టి ఇచ్చేయి. సూదీ దారం అక్కడున్నాయి."

లియో ఒక జెర్సీ తీసి తిప్పి చూశాడు. ఇంకోటి తీశాడు.

"ఏది ఎవరిదో నాకెలా తెలుస్తుంది?"

"నాకూ తెలియదు."

"మరి?"

"వాళ్ళకి తెలుస్తుంది" అని, ఫాదర్ తన నల్ల అంగీ చేతులు పైకి మడుచుకుని తొట్టిలో దుప్పట్లు పిండడానికి వెళ్ళిపోయాడు.

జెర్సీలు చేతుల మీద వేసుకుని, బుట్ట మోచేతికి తగిలించుకుని లియో హాస్టల్ వసారాలో నిలబడ్డాడు. మొదటి తలుపు కొట్టడానికి అతనికి ఎంతసేపు పట్టిందో చెబితే నవ్వుతారు. జర్మన్ల ఫిరంగుల ముందు అంత తటపటాయించలేదు. చివరికి కొట్టాడు. లావుపాటి కుర్రాడొకడు రొట్టె నములుతూ తలుపు తీశాడు.

"నీ జెర్సీ ఏదో చూసుకో" అన్నాడు లియో. తర్వాత నేల చూపులు చూస్తూ, "నీ పేరు?" అన్నాడు.

నములుతున్న నోరు ఆగిపోయింది.

"హెన్రీ, సార్జెంట్. హెన్రీ డోస్తల్." అతను జెర్సీలన్నీ తిరగేసి ఒకటి లాగాడు. "ఇదిగో నాది. ఈ మోచేతి దగ్గర మాసిక చూశారా? రెండో మ్యాచ్‌లో మీ వెనకొచ్చేవాణ్ణి పట్టుకోబోయి గీరుకున్నాను. ఏడు కుట్లు పడ్డాయి, నాకూ జెర్సీకీ."

లియో కాగితం ముక్క మీద 'హెన్రీ డోస్తల్' అని రాసి దానికి గుచ్చాడు. తర్వాత ఆ మంచం మీదే కూర్చుని నంబరు కుట్టాడు. పట్టాళంలో నేర్చుకున్న కుట్టు, పీచులు పీచులుగా వచ్చింది. "కట్టు కట్టినట్టుందే" అని హెన్రీ నవ్వాడు. ఆ నవ్వు విని పక్క గదివాళ్ళు వచ్చారు. సార్జెంట్ సూది పట్టాడన్న కబురు మేడ మీదికి క్షణంలో పాకింది.

మూడు రోజులు పట్టింది. ఒక్కొక్కరూ తమ జెర్సీని ఒక్కో ఆనవాలుతో పట్టుకున్నారు. ఒకడికి కాలరు మీద నెత్తురు మరక, ఇంకొకడికి భుజం మీద చిరుగు, మరొకడికి వాళ్ళ చెల్లెలు లోపలివైపు కుట్టిన చిన్న శిలువ. ఆ చిరుగులన్నీ ఏ మ్యాచ్‌లో, ఏ పరుగులో పడ్డాయో వాళ్ళకి తెలుసు. వింటూ వింటూ లియోకి ఒక సంగతి అర్థమైంది. అవన్నీ తన పరుగులే. తను ముందుకి చూస్తూ పోయినప్పుడు వెనక ఏం జరిగిందో అతనికి ఇప్పుడు ఒక్కొక్క గుడ్డే చెబుతోంది.

బుధవారం సాయంత్రానికి రెండు మిగిలాయి. ఒకటి కొత్తదానిలా ఉంది. ఎక్కడా ఒక్క చిరుగు లేదు. దాన్ని ఎత్తి పట్టుకుని, "ఇదెవరిది?" అని అడిగాడు.

కుర్రాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. హెన్రీ నెమ్మదిగా, "అది మీదే సార్జెంట్" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. లియో ఆ జెర్సీని మడిచి పక్కన పెట్టాడు. మిగిలిన రెండోదాన్ని ఎర్ర జుట్టు కుర్రాడి ముందు పెట్టాడు. ఇతని పేరు ఎర్నీ స్లామా అని అప్పటికి తెలిసింది. బట్ట దొరకని రోజులు కావడంతో జట్టులో ఇతనొక్కడికే సొంత జెర్సీ లేదు.

"అరవై ఒకటి. ఇది నీదేగా?"

"కాదు సార్జెంట్. నేను ఆ ఒక్కరోజే తొడుక్కున్నాను. డెల్మర్‌ది."

"డెల్మర్ ఎవరు?"

ఎర్నీ చెప్పడానికి మొహమాటపడ్డాడు. "డెల్మర్ వాస్. ఎప్పుడూ మీ ముందు నిలబడేవాడు. వాళ్ళ నాన్న చెయ్యి మొక్కజొన్న కోసే యంత్రంలో పడింది. కబురొచ్చి వెళ్ళిపోయాడు. మేమంతా పోయిన గురువారం లారీ వేసుకుని వెళ్ళి వాళ్ళ చేలో కోత కోసొచ్చాం." కాస్త ఆగి, "బస్సులో మీ సీటు మీద ఆపిల్ పెట్టేది కూడా అతనే" అన్నాడు.

గురువారం ఉదయం పాల వ్యాను పట్టుకుని లియో పన్నెండు మైళ్ళ అవతల వాస్ వాళ్ళ పొలం దగ్గర దిగాడు. చేనంతా ఎండి గలగలమంటోంది. దూరంగా, ఒక గుర్రబ్బండి పక్కన పొడవాటి కుర్రాడొకడు కండెలు ఒలుస్తున్నాడు. ఆ ఇంట్లో ఇక ఎవరూ యంత్రం జోలికి పోలేదు. అరచేతికి కట్టుకున్న ఇనుప కొక్కెంతో పొట్టు చీల్చడం, కండె విరవడం, చూడకుండానే బండిలోకి విసరడం. కండె చెక్కకి తగిలి టప్పుమని, వెంటనే ఇంకోటి.

"మీరా సార్జెంట్!" అన్నాడు డెల్మర్. సంతోషమంతా ముఖంలోనే ఉంది. దాచుకోవడం రాని మనిషి.

లియో జెర్సీ చాపాడు. "ఇది నీదేనా?"

డెల్మర్ దాన్ని తీసుకుని లోపలికి చెయ్యి దూర్చాడు. వీపు దగ్గర రెండు వేళ్ళు బయటికొచ్చాయి. అక్కడ నాలుగైదు చిల్లులున్నాయి.

"నాదే."

"ఎలా పడ్డాయి ఆ చిల్లులు?"

"మీ బూటు మేకులు" అన్నాడు డెల్మర్, ఏదో శుభవార్త చెప్పినట్టు. "మూడో మ్యాచ్‌లో. నేను పడిపోయాక నా వీపు మీద కాలేసి అవతలికి దూకారు చూడండి, ఆ పరుగుతోనే గెలిచాం. లాంబర్ట్ బ్రదర్ కుట్టేస్తానంటే నేనే వద్దన్నాను. అందరికీ చూపించుకోవద్దా?"

కాలికింద ఏదో మెత్తగా తగిలిన సంగతి లియోకి గుర్తుంది. నేలనుకున్నాడు. ఏం చెయ్యాలో తెలియక బండిలో ఉన్న ఇంకో కొక్కెం తీసి అరచేతికి కట్టుకుని పక్క వరసలోకి దిగాడు.

ఇద్దరూ చెరో వరసా పట్టుకుని మధ్యాహ్నందాకా ఒలిచారు. డెల్మర్ మూడు కండెలు విసిరితే లియో ఒకటి విసిరేవాడు. అది కూడా ఒక్కోసారి బండి దాటి అవతల పడేది. ముఖాలు చూసుకోనక్కర్లేని పని కాబట్టి కాబోలు, ఒక వరస మధ్యలో లియోనే నోరు విప్పాడు.

"యుద్ధంలో ఒకడి పేరు తెలుసుకోలేదు."

"ఎవరిది?"

"కొత్తగా వచ్చాడు. రెండో రోజే పోయాడు. వాళ్ళమ్మకి ఉత్తరం రాయాలి. సార్జెంట్‌ని కాబట్టి నేనే రాయాలి. మెడలో బిళ్ళ తిప్పి చూస్తేగానీ పేరు తెలియలేదు. పేరైతే తెలిసింది. రాయడానికి ఇంకేమీ తెలియలేదు. రెండు రోజులు నా పక్కనే ఉన్నాడు, నేను రాయడానికి ఒక్క ముక్క లేదు."

టప్పుమని ఒక కండె పడింది. ఇంకోటి పడింది.

"ఏం పేరు?" అన్నాడు డెల్మర్.

లియో చెయ్యి ఆగిపోయింది. ఆ పేరు అతను ఎవరితోనూ అనలేదు.

"హోమర్ లాండిస్."

"హోమర్ లాండిస్" అన్నాడు డెల్మర్, గుర్తుపెట్టుకునేవాడిలా. తర్వాత మళ్ళీ పనిలో పడ్డాడు. లియో ఎండిన ఆకుల మధ్య ముఖం దాచుకుని ఏడ్చాడు. డెల్మర్ చూడలేదో, చూడనట్టున్నాడో తెలియదు. కండెలు మాత్రం ఆగకుండా పడుతూనే ఉన్నాయి.

సాయంత్రం బండి నిండాక డెల్మర్ జెర్సీని మడిచి తిరిగి లియో చేతిలో పెట్టాడు.

"ఇది ఎర్నీకి ఇచ్చేయండి. నేను ఇక కాలేజీకి రాను. నాన్నకి కుడిచెయ్యి లేదు. ఈ కోతా నేనే, వచ్చే ఏడు విత్తనమూ నేనే."

పేరు తెలిసి ఇంకా ఒక్క రోజు కాలేదు. అప్పుడే మనిషి చెయ్యి జారిపోతున్నాడు. సరిగ్గా దీనికే కదా లియో భయపడ్డది.

ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకుని, తెల్లవారాక రోడ్డు మీదికి నడిచాడు. డెల్మర్ గేటుదాకా వచ్చి అతని కోటు జేబుల్లో చెరో ఆపిల్ కుక్కాడు.

"వెళ్ళొస్తాను డెల్మర్."

"మంచిది సా..." అని ఆగి, చెవులదాకా ఎర్రబడి, "మంచిది లియో" అన్నాడు డెల్మర్.

వ్యాను దొరకలేదు. పన్నెండు మైళ్ళూ నడిచాడు. నడిచినకొద్దీ కోపం వచ్చింది. డెల్మర్ మీద కాదు, ఫాదర్ మీద. మఠం చేరేసరికి మధ్యాహ్నం భోజనాల గంట కొడుతున్నారు. కాళ్ళనిండా బురద ఉండడంతో వెనకవైపుకి తిరిగి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. చేతులు కడుక్కుంటున్న ఫాదర్ ప్రోకోప్ తలెత్తి చూశాడు.

"మీరు చెప్పినట్టే చేశాను ఫాదర్" అన్నాడు లియో. "అందరి పేర్లూ తెలుసుకున్నాను. చివరిగా తెలుసుకున్నవాడు అప్పుడే పోయాడు, ఇక రాడట. రేపు మిగతావాళ్ళూ ఒక్కొక్కరే పోతారు. అప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

ఫాదర్ చేతులు తుడుచుకున్నాడు.

"అక్కడే కూర్చో" అన్నాడు.

వంటింటికీ భోజనశాలకీ మధ్య తలుపు తెరిచే ఉంది. లియో కూర్చున్న చోటికి లోపలంతా కనబడుతోంది. పొడవాటి బల్లల వెంట సన్యాసులు మౌనంగా కూర్చున్నారు. ఒకాయన నిలబడి ఏదో చదువుతున్నాడు. ఫాదర్ ప్రోకోప్ వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. ఆయన పక్క కుర్చీ ఖాళీ. దాని ముందు బల్ల మీద ఒక చిన్న చెక్క శిలువ, మడత పెట్టిన తువాలు, గిన్నె, చెంచా ఉన్నాయి.

వడ్డించే బ్రదర్ వరసగా బఠాణీ చారు పోసుకుంటూ వచ్చాడు. ఖాళీ కుర్చీ దగ్గర కూడా ఆగాడు. ఆ గిన్నె నిండా పోసి, పక్కన రొట్టె పెట్టి, తర్వాతి మనిషి దగ్గరికి వెళ్ళాడు. ఎవరూ తలెత్తి చూడలేదు. ఎవరూ లేని చోట చారు పొగలు కక్కుతోంది.

చదివే ఆయన ప్రార్థన ముగించగానే ఫాదర్ లేచి, తన గిన్నె అక్కడే వదిలేసి, పక్క గిన్నెనీ రొట్టెనీ రెండు చేతులా పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. వాటిని లియో ముందు పెట్టాడు.

"ఎవరిది ఇది?" అని అడిగాడు లియో.

"లాంబర్ట్‌ది. పోయినవాడి చోట ముప్ఫై రోజులు వడ్డిస్తాం. ఈ గుమ్మంలోకి ఎవరొస్తే వాళ్ళు తింటారు. ఇవాళ నువ్వొచ్చావు."

లియో గిన్నె వైపు చూశాడు. అతనికి పాతిక జెర్సీల మీద వరసగా పడి ఉన్న సూది కన్నాలు గుర్తొచ్చాయి. దగ్గరదగ్గరగా, ఒకదానికొకటి సమానంగా ఉండేవి. తన పీచు కుట్లు వాటి మీదే పడ్డాయి.

"ఆ నంబర్లు కుట్టింది ఈయనేనా?"

"ఈయనే. ఈ వేసవిలో. కళ్ళు కనబడకపోయినా చేత్తోనే కుట్టాడు."

"మరి మీరే విప్పారుగా."

ఫాదర్ తలాడించాడు. "పద్దెనిమిదేళ్ళప్పుడు ఒకే ఓడలో వచ్చాం. నలభై నాలుగేళ్ళు పక్కపక్కనే తిన్నాం. గట్టి కుట్టు, తొందరగా ఊడదు. ఆదివారమంతా పట్టింది."

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడుగానీ, అన్నాక తన చేతివేళ్ళు చూసుకున్నాడు. బొటనవేలి చివర ఇంకా సూది గాట్లున్నాయి.

లియో కోపం ఎక్కడికి పోయిందో పోయింది. జేబులోంచి రెండు ఆపిల్‌లూ తీశాడు. ఒకటి తన ముందు పెట్టుకుని, రెండోది ఫాదర్ వైపు జరిపాడు.

"తిను లియో" అన్నాడు ఫాదర్. "చారు చల్లారిపోతుంది."

లియో చెంచా అందుకున్నాడు. రెండు గుక్కలు తాగాడు. మూడోది నోటిదాకా తెచ్చి ఆపాడు.

"లాంబర్ట్‌గారికి తినడానికి ఏం ఇష్టంగా ఉండేది ఫాదర్?"

ఫాదర్ ప్రోకోప్ కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చున్నాడు.